మా బాబాయికి నేను కెమెరా ఎంపిక చేసిన వైనం

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో ఇరవై ఏళ్ళపాటు చేతిలో ఆయుధం దించని వీరుడు ఒకడున్నాడు. అతని పక్కనే నిలబడి అతణ్ణి ముంచేసిన సొంత మనిషి ఉన్నాడు. మంగళవాద్యాల హోరులో, అక్షతల వానలో, నిండు సభలో కూలిపోయిన ఒక కోట ఉంది.

నిజానికి అంతేం లేదు. ఉయ్యూరులో ఫొటో స్టూడియో నడుపుకునే మా బాబాయికి నేను తప్పు కెమెరా కొనిపించాను. అంతే కథ. ఆయుధమంటే కెమెరా. కోట అంటే పామర్రులో ఒక కల్యాణ మండపం. అది కూలలేదు, ముహూర్తాల నెలల్లో ఇప్పటికీ ఖాళీ దొరకదు. పక్కన నిలబడి ముంచిన మనిషి విషయంలో మాత్రం సవరణ లేదు. ఆ మనిషి నేనే.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. నేను విజయవాడలో కంప్యూటర్ల డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఇంట్లో చెప్పి, గవర్నర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. అక్కడ నేను వెతికిన ఉద్యోగాలు తక్కువ, చదివిన కెమెరాలు ఎక్కువ. సొంతంగా కొనే స్థోమత లేని వస్తువు గురించి చదవడంలో ఒక సుఖం ఉంది. మనం చెప్పింది తప్పని ఎప్పటికీ తేలదు.

ఆ చదువు వల్ల బంధువుల్లో నాకో హోదా వచ్చింది. డిజిటల్ కెమెరా ఎవరు కొనాలనుకున్నా ముందు నన్ను అడిగేవారు. అందరిదీ ఒకటే ప్రశ్న: “ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి?” ఎంసెట్ ర్యాంకు అడిగే గొంతుతో అడిగేవారు. మెగాపిక్సెల్ అంటే ఏమిటో ఎవరికీ తెలీదు, ఎక్కువ ఉండాలని మాత్రం అందరికీ తెలుసు. మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన పెద్ద జూమ్ కావాలని పట్టుబట్టాడు. ఎందుకండీ అంటే కొల్లేరు పక్షుల కోసం అన్నాడు. కొన్న తర్వాత ఆయన కొల్లేరు వైపే వెళ్ళలేదు. ఆ జూమ్‌తో హాల్లో సోఫాలోంచి లేవకుండా వంటింట్లో ఉన్న భార్యను ఫొటోలు తీశాడు.

నేను సరిగ్గా సలహా ఇచ్చింది ఒక్కడికే. కైకలూరు వైపు చేపల వ్యాపారి, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

“బాబూ, మా సరుకు ఐసు పెట్టెల్లో కలకత్తా ఎళ్తది. అక్కడ దింపుకున్నోడు ఫోన్‌చేసి మెత్తబడిపోయిందంటాడు. పెట్టె మూతేసేప్పుడు చేప కన్ను ఎట్టా ఉందో ఫొటో తీసి ఉంచుకోవాల. నా చేతులెప్పుడూ తడిగా ఉంటయ్యి. ఇంగిలీషు రాదు. చెరువు కాడ కరెంటుండదు. ఏది కొనమంటావ్?”

మెగాపిక్సెల్ ఊసే ఎత్తలేదు. పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది, బటన్లు తక్కువున్నది, దగ్గరి వస్తువును బాగా పట్టేది ఒకటి చూపించాను. తీసుకుని వెళ్ళిపోయాడు. నెల తర్వాత ఫోన్‌చేసి “ఇప్పుడాడు నోరెత్తట్లేదు” అన్నాడు.

ఎవరికి ఏ కెమెరా సరిపోతుందన్నది కెమెరాలో ఉండదని నాకు అతనివల్ల తెలిసింది. ఏం తీయాలి, ఏం చేతకాదు అన్న రెండు ప్రశ్నల్లో ఉంటుంది. మొదటిది అడిగితే అందరూ సంతోషంగా చెబుతారు. రెండోది అడిగితే మొహం ముడుచుకుంటారు. అందుకని రెండోది అడగడం మానేశాను. మర్యాద అనుకున్నాను.

బాబాయి మా నాన్నకు స్వయానా తమ్ముడు. ఆయన స్టూడియో ఉన్న వీధిలో సీజన్ వస్తే చెరకు ట్రాక్టర్లు వరసకట్టి నిలబడేవి, ఊరంతా మడ్డి వాసన కొట్టేది. ఊళ్ళో ఫ్యాక్టరీ చక్కెర తీస్తుంటే బాబాయి తన ఒంట్లో కూడా ఒక యూనిట్ పెట్టాడని నేను అనేవాణ్ణి. ఆయనకు షుగరు వచ్చి పదేళ్ళు దాటింది. ఆ జోకు ఆయన ముందు కనీసం ఇరవైసార్లు వేసుంటాను. ఇరవైసార్లూ నవ్వాడు.

ఉయ్యూరు నుంచి చల్లపల్లి దాకా పెళ్ళిళ్ళలో ఆయనకు పేరు తెచ్చింది ఒక్క ఫొటో. జీలకర్ర బెల్లం పెట్టి, అడ్డుతెర దించగానే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒకరినొకరు చూసుకునే ఫొటో. ఆ చూపు రెప్పపాటే ఉంటుంది. ఆ వెంటనే వీడియో లైటు కళ్ళల్లో పడుతుంది, అక్షతలు వచ్చి మొహాన తగులుతాయి, పెళ్ళికొడుకు తుమ్ముతాడు. తాళి కట్టేటప్పుడు “అలాగే పట్టుకోండి బాబూ, ఇటు చూడండి” అనొచ్చు. తలంబ్రాలు కాసేపు ఆపించొచ్చు. జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టించమంటే పురోహితుడు కెమెరాతో సహా బయటికి పంపిస్తాడు. ఆ ముహూర్తం ఒక్కసారే. మిగతా ఫొటోగ్రాఫర్లు ఆ క్షణంలో నాలుగైదు టకటకా కొట్టి, ఏదో ఒకటి తగలకపోతుందా అనుకునేవారు. బాబాయి ఒక్కటే తీసేవాడు. అది తగిలేది.

అలాంటి మనిషిని కూడా జనం అడగడం మొదలుపెట్టారు. “డిజిటలేనాండీ?” రీలే అని చెబితే, “అలాగాండీ, ఇంట్లో మాట్లాడి చెబుతాం” అని వెళ్ళేవారు. ఇంట్లో వాళ్ళు ఏం మాట్లాడుకునేవారో గాని మళ్ళీ వచ్చేవారు కాదు. ఆ ఏడు మాఘమాసానికి చేతిలో ఒక్క పెళ్ళే మిగిలింది, పామర్రులో. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి కూడా బాబాయే తీశాడు గనుక, డిజిటల్ తెస్తానంటే చిన్నమ్మాయికీ ఆయనే అన్నారు. అది బాగా వస్తే పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళు దాని వెనకే వస్తాయి. రాకపోతే స్టూడియో మూసుకోవడమే. బాబాయి ఫోన్లో నాకు ఈ మాట మామూలుగానే చెప్పాడు, గ్యాస్ అయిపోయిందని చెప్పినట్టు.

బెసెంట్ రోడ్డులో కెమెరాల షాపుకు ఇద్దరం వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే బాబాయి ఒక చిన్న కెమెరా దగ్గర ఆగిపోయాడు.

“ఒరే, నాకిది చాలదంటావా? వెనకాల ఇంత అద్దం ఉంది. ఇందులో చూసుకుంటా తీసెయ్యొచ్చు. ఫోకస్ కూడా దానంతటదే పట్టేస్తదంట గదా.”

“బాబాయ్, అది కేకు కోసేప్పుడు పిల్లల్ని తీసుకునే కెమెరా. నీ లెవెలేంటి, అదేంటి? బటన్ నొక్కాక ఆలోచించుకుని గాని తీయదది. నీ తెర దిగేసరికి ఇది నిద్ర లేస్తుంది.”

ఆ మాట నిజమే. ఆ రోజుల్లో చిన్న కెమెరాలు నొక్కిన తర్వాత తీరిగ్గా తీసేవి. నిజం చెబుతున్నానన్న ధీమాతోనే మనిషి ఎదుటివాడి మాట వినడం మానేస్తాడు. బాబాయి అడిగింది వేగం గురించి కాదు.

కౌంటర్లో కుర్రాడు పెద్ద కెమెరా తీసి బల్లమీద పెట్టాడు. “సార్ కరెక్టుగా చెప్పారండి. ప్రొఫెషనల్స్ ఇదే తీసుకుంటారండి.”

“తీసేప్పుడు దీని వెనకాల బొమ్మ కనపడదా బాబూ?”

“తీసినాక కనపడుద్దండి. తీసేప్పుడు ఇందులోంచి కన్ను పెట్టి చూడాలండి.”

“కన్ను పెట్టే చూడాలన్నమాట” అన్నాడు బాబాయి, తనలో తను అనుకున్నట్టు.

దాన్ని ఎత్తి మొహానికి ఆనించుకున్నాడు, ఎడమ కంటికి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయి కుడికన్నుతోనే చూసేవాడు. ఎడమ కన్ను మూసీ మూసీ ఆ వైపు చెంపమీద ఒక గీత కూడా పడింది. ఆ తేడా నాకు కనిపించింది. కనిపించలేదంటే ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండేది.

“ఏంటి బాబాయ్, కొత్త కెమెరాకి కొత్త కన్ను ఓపెనింగా?” అన్నాను.

షాపు కుర్రాడు నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు. నవ్వి, కెమెరా దించి, “సర్లే, నువ్వు చూసిందే తీసుకుందాం” అన్నాడు. ఆయన నోటిదాకా వచ్చిన మాటేదో ఆ నవ్వులో వెనక్కి పోయిందని నాకు చాలా రోజులదాకా తెలియలేదు.

నా పాండిత్యం అక్కడితో ఆగలేదు. ఆ కెమెరాతోపాటు తనంతట తనే ఫోకస్ చేసుకునే లెన్సు ఒకటి ఇస్తామన్నారు. నేను వద్దన్నాను. బాబాయి దగ్గర ఇరవై ఏళ్ళనాటి లెన్సులు రెండున్నాయి, ఇనుములాంటివి, ఈ కెమెరాకు పడతాయి. చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకోవాలి, అంతే. “ఈ ప్లాస్టిక్ లెన్సు నేర్చుకునేవాళ్ళకండీ. మా బాబాయికి చెయ్యుండగా మోటారెందుకు?” అన్నాను. కుర్రాడు ఒప్పుకున్నాడు. బాబాయి పక్కకు తిరిగి గోడమీద క్యాలెండర్ చూస్తున్నాడు.

పెళ్ళికి వారం ముందు ఉయ్యూరు వెళ్ళి, ఆ పాత లెన్సులు కెమెరాకు తగిలించే పని పెట్టుకున్నాను. బాబాయి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. రెండు లెన్సుల్లో ఆయన ఎక్కువగా వాడే దానిమీద, తిప్పే రింగు చుట్టూ, ఎర్రటి స్టిక్కర్ బొట్లు మూడు అంటుకుని ఉన్నాయి. ఇంకోటి రింగు పక్కన, కదలని భాగం మీద ఉంది. పిన్ని పెట్టుకునే మఖమల్ బొట్లు. పిన్ని అద్దానికి, మంచం కోడుకి, ఫ్రిజ్ తలుపుకి బొట్లు అంటించడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే గనుక, ఇవి ఇక్కడిదాకా వలస వచ్చాయనుకున్నాను. గోటితో గీకి, స్పిరిట్ పెట్టి, జిగురు కూడా మిగలకుండా తుడిచేశాను. లెన్సు తళతళలాడింది. సెట్టింగులు నేర్చుకుంటానని చెప్పి కెమెరాను, లెన్సులను విజయవాడ పట్టుకెళ్ళిపోయాను. పెళ్ళిరోజు పొద్దున మండపంలోనే బాబాయి చేతికిచ్చాను.

ముహూర్తం పదిన్నరకు. బాబాయి ఎప్పటిలాగే తొమ్మిదికే వచ్చి, వధూవరుల పీటల దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి వెనక్కి అడుగులు వేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కి.

“వాస్తు చూస్తున్నావా బాబాయ్?”

“ఊఁ. ఈశాన్యంలో నువ్వున్నావు, జరుగు.”

నేను జరిగాను. కెమెరా తీసుకున్నాడు. ఎడమచెయ్యి లెన్సు కిందికి పోయింది. బొటనవేలు రింగుమీద ఒకసారి చుట్టూ తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముతారే, అలాగ.

“దీనిమీద బొట్లేవిరా?”

“తుడిచేశాను బాబాయ్. పిన్ని ముత్తైదుతనం నీ లెన్సుకి కూడా పట్టించింది. జిగురుతో సహా వదలగొట్టా.”

బాబాయి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. కోపం మాత్రం కాదు.

“మంచిపని చేశావులే” అన్నాడు.

మంత్రాలు జోరందుకున్నాయి. అడ్డుతెర పట్టారు. బాబాయి తన నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. కెమెరా ఎడమ కంటికి ఆనించి, రింగు అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. నుదురంతా చెమట. మాఘమాసంలో చెమటేంటని అడగబోయాను. ఈలోగా పురోహితుడు చెయ్యెత్తాడు, సన్నాయి, డోలు కలిసి గట్టిమేళం పట్టాయి, తెర దిగింది. బాబాయి ఒక్కసారి నొక్కాడు. తర్వాత నేనెప్పుడూ చూడని పని చేశాడు. వెంటవెంటనే ఇంకో నాలుగు నొక్కాడు.

బటన్ నొక్కి వెనక్కి జరిపితే, కెమెరా వెనకాల తెరమీద ఆ మొదటి ఫొటో వెలిగింది. అగ్గిపెట్టె కంటే చిన్న తెర. అందులో అందరూ అందంగానే ఉంటారు.

“సూపర్ బాబాయ్!” అన్నాను. చుట్టూ నలుగురు మూగి చూసి, చాలా బాగొచ్చిందన్నారు. పెళ్ళికూతురి మేనత్త నా మొహం కూడా తీయండి అంది.

“స్పష్టంగా ఉందా?” అని అడిగాడు బాబాయి.

“నిన్ను నువ్వే మించిపోయావ్.”

మర్నాడు ఇంటర్నెట్ సెంటర్లో కార్డు పెట్టి, ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. పెళ్ళికూతురు పొగలో ఉంది. పెళ్ళికొడుకు కూడా పొగలోనే ఉన్నాడు. ఇద్దరి మధ్య చూపు ఉండే ఉంటుంది, అదీ పొగలోనే. వాళ్ళ వెనకాల, పూలదండల కింద, ఒకాయన స్ట్రా పెట్టుకుని కూల్‌డ్రింక్ తాగుతున్నాడు. ఆయన మాత్రం మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాడు. తర్వాతి నాలుగింటిలో కూడా అంతే. సీసా ఖాళీ అవడం వరసగా తెలుస్తోంది. తాళి ఫొటోలో పురోహితుడి వీపు స్పష్టంగా ఉంది. దూరంనుంచి తీసిన గ్రూపు ఫొటోలు మాత్రం పరవాలేదు. దగ్గరివన్నీ పోయాయి.

పక్క కంప్యూటర్లో ఉన్నతను తొంగిచూసి, “ఎవరండీ ఆయన? హీరోలాగున్నాడు” అన్నాడు. మామూలప్పుడైతే ఆ మాట నేనే అని ఉండేవాణ్ణి. ఆ ఫొటోల్ని మళ్ళీ మొదటినుంచి చూశాను. ఎడమకన్ను, అడుగులు, బొటనవేలు, బొట్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. వరసలో ఆఖరున నా జోకు కూడా వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం బస్సెక్కి ఉయ్యూరు వెళ్ళాను. స్టూడియోలో పిన్ని క్యారేజీ విప్పుతోంది. బాబాయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేనేం చెప్పకముందే అడిగాడు.

“ఎన్ని పోయినయ్యిరా?”

“దగ్గరివన్నీ బాబాయ్.”

“తెర దిగింది?”

“అది కూడా.”

పిన్ని క్యారేజీ గిన్నెలు బల్లమీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. మా పిన్ని గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టడం అదే మొదటిసారి.

“షుగరు కంటికి దిగిందిరా” అన్నాడు బాబాయి. “కుడిది ఏడాదైంది. మధ్యలో మసక. చుట్టూరా కనపడతది గాని, సూటిగా దేన్ని చూస్తే అది ఉండదు. ఎడమది నడవడానికి, మనిషిని పోల్చుకోడానికి సరిపోద్ది. ఫోకస్‌కి చాలదు.”

“మరి ఏడాదినుంచీ పెళ్ళిళ్ళెలా తీశావ్?”

“ఆ బొట్లు నేనే అంటించాను” అంది పిన్ని. “నాలుగడుగులకొకటి, ఎనిమిదడుగులకొకటి, హాలంతటికీ ఒకటి. కదలనిచోట ఉన్న నాలుగోదానికి ఎదురుగా ఏది తెస్తే ఆ దూరానికి ఫోకస్. ఆదివారం పూట నేను గోడ దగ్గర నిలబడేదాన్ని, ఈయన అడుగులేసుకుని, వేలితో తడిమి తీసేవారు. రీలు కడిగించి చూసుకునేవాళ్ళం. నా ఫొటోలే ఒక పెట్టెడున్నాయి, అన్నింట్లో అదే గోడ, అదే మొహం.”

ఏడాదిగా బాబాయి పెళ్ళిళ్ళన్నీ వేళ్ళతో తీశాడు. ఎవ్వరికీ తేడా తెలియలేదు. దానంతట అదే ఫోకస్ పట్టుకునే కెమెరా వస్తే ఆ తడుములాట కూడా తప్పుతుందని ఆశపడ్డాడు. కావలసినదేమిటో షాపులో తన నోటితో తనే చెప్పాడు. నేను ఆయన లెవెల్ గురించి మాట్లాడాను.

“నాకొక్క మాట చెప్పుంటే అయిపోయేది గదా పిన్నీ” అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. తప్పు మనదని తెలిసినప్పుడు అలాగే వస్తుంది.

పిన్ని అన్నం వడ్డిస్తూనే ఉంది. “చెబుదామనే అన్నానురా అబ్బాయ్. ఈయనే వద్దన్నారు. వాడు జోకేస్తాడే, అన్నారు.”

బాబాయి సర్దిచెప్పబోయాడు. “అది కాదురా, నీ జోకులు బాగుంటయ్యి. నాకిష్టమే. ఇదొక్కదాని మీద వద్దనుకున్నాను.”

పిన్ని కంచం నా ముందుకు జరిపింది. వంకాయ కూర. తిన్నాను.

పెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలన్నది మిగిలింది. కార్డు పాడైందందామన్నాను. కొత్త కెమెరాలో ఫాల్టుందని షాపుమీద తోసేద్దామన్నాను. నేను తోసెయ్యడానికి మనుషులు, వస్తువులు చాలా దొరికాయి. బాబాయి చెయ్యి కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు.

“కెమెరాకేం జబ్బులేదు” అన్నాడు. “పద.”

పామర్రులో పెళ్ళికూతురి నాన్న అరుగుమీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఆల్బం తెచ్చామనుకున్నాడు. బాబాయి కాఫీ ముట్టుకోకుండా, కంటి సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. లెన్సు తుడిచిన సంగతి మాత్రం చెప్పలేదు. నేను చెప్పబోతే మోకాలిమీద చెయ్యి వేసి ఆపాడు.

పెళ్ళికూతురి నాన్న అంతా విని, “అయితే మా అమ్మాయి మొహం కనపడదాండీ?” అన్నాడు.

“కనపడదండీ.”

“పెద్దమ్మాయిది మీరు తీసింది హాల్లో పెట్టుకున్నామండి. దాని పక్కనే చిన్నదానిది పెడదామని మేకు కూడా కొట్టించాను.” గుమ్మంలోంచి హాల్లోకి చూశాడు. “మీరే గదాని ఇంకెవర్నీ పెట్టలేదండీ. ముందొక మాట అనుండాల్సింది.”

“అనుండాల్సిందండీ” అన్నాడు బాబాయి.

అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్ళ మీద జోకు వేసుకోవచ్చు. ఆయన అరవలేదు. వీడియో తీసినతని క్యాసెట్లో ఆ క్షణం ఉంటే, దాన్నైనా ఫొటోగా తీయించి ఇస్తామని చెప్పి లేచాం. ఉంది. పంపాం. మెత్తగా, గీతలు గీతలుగా ఉంది గాని అమ్మాయి మొహం కనిపిస్తోంది. దాన్ని ఆ మేకుకు తగిలించారో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.

బాబాయి ఆ నెలలోనే పెళ్ళిళ్ళు మానేశాడు. ఎవరూ మానమనలేదు. అడగడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురికి తనే ఇంకొకరి స్టూడియో పేరు చెప్పి పంపించాడు. అందులో ఒకాయన, “తెర దిగేది మీ అంత బాగా తీస్తారాండీ?” అని అడిగితే, “నాకంటే బాగా తీస్తారండీ, వాళ్ళకి కనపడతది” అన్నాడు. అది జోకో కాదో వచ్చినాయనకు తెలియక నా మొహం చూశాడు. నాకూ తెలియలేదు.

విజయవాడ కళ్ళాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. మందు చుక్కలు వేసి రెండు గంటలు కూర్చోబెట్టారు. డాక్టరుగారు లైటు వేసి చాలాసేపు చూసి, లేజర్ చేస్తే ఉన్న చూపు నిలబడే అవకాశం ఉంది, పోయింది మాత్రం రాదన్నారు. ఏడాది ముందొచ్చి ఉంటే అని మొదలుపెట్టి, బాబాయి మొహం చూసి ఆపేశారు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కంకిపాడు దాటాక, “ఏదన్నా చెప్పరా, నిద్దరొస్తంది” అన్నాడు. బుర్రంతా వెతికాను. ఏమీ దొరకలేదు.

ఇప్పుడా పెద్ద కెమెరా ఉయ్యూరు స్టూడియోలో, ఇనుప స్టాండు మీద బిగించి ఉంది. ఎదురుగా స్టూలును నేలలోకి బోల్టులతో దిగగొట్టాం. రింగు ఒక్కచోట పెట్టి, కదలకుండా టేపు చుట్టాం. పెళ్ళిలో రెప్పపాటును పట్టాల్సిన కెమెరాకు ఇప్పుడు పనల్లా ఎదురుగా కదలకుండా కూర్చున్న మనిషిని తీయడమే. ఉద్యోగం దొరికేదాకా అని మొదలుపెట్టి, నేను ఇప్పటికీ అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. బాబాయి నొక్కిన ప్రతిసారీ “స్పష్టంగా ఉందా?” అని అడుగుతాడు. ఫొటోను పూర్తిగా పెద్దది చేసి, కళ్ళ దగ్గరికి వెళ్ళి చూసి, అప్పుడు చెబుతాను. ఉంటే ఉందంటాను. మనిషి కదిలి ఉంటే కదిలాడంటాను. అంతకుమించి ఒక్క మాట కలపను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పాస్‌పోర్టు ఫొటోల కోసమే. నాలుగంగుళాలు బై ఆరంగుళాల కాగితం మీద అవి ఎనిమిది పడతాయి. తొమ్మిదోది పట్టదు. ఒకప్పుడైతే దీనిమీద కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి.